నవీకరణ భారం వినియోగదారుడిదేనా?

2017 మే 12న ప్రపంచ దేశాలను కుదిపివేసిన ‘వానాక్రై’ అనే విధ్వంసక ప్రోగ్రామ్ మూడు రోజులు తిరిగేసరికి ఖరగ్‌పూర్ పరిసరాలకు చేరింది. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని బెల్దా, దాంతన్, నారాయణగఢ్, కేశియాడీ విద్యుత్ పంపిణీ కార్యాలయాల కంప్యూటర్లు కొన్నింటిలో దస్త్రాలకు తాళాలు పడ్డాయి. వాటిని విడిపించాలంటే బిట్‌కాయిన్ల రూపంలో సొమ్ము చెల్లించాలన్న హెచ్చరిక తెరపై ప్రత్యక్షమైంది. అదే సమయంలో ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు విభాగాల కంప్యూటర్లు కూడా కొన్ని ఈ దాడికి గురయ్యాయి. బ్రిటన్‌లోని ప్రభుత్వ ఆరోగ్య సేవా వ్యవస్థ రోగులకు ఇచ్చిన వేలాది అపాయింట్‌మెంట్లను రద్దు చేసుకోవలసి వచ్చింది.

ఈ ఉపద్రవంలో అందరినీ ఆశ్చర్యపరచిన అంశం ఒకటుంది. దాడికి దారి ఇచ్చిన లోపాన్ని సరిచేసే నవీకరణను మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14నే, అంటే సుమారు రెండు నెలల ముందే విడుదల చేసింది. దానిని అమర్చుకున్న కంప్యూటర్లలోకి ఆ దారిన దాడి ప్రవేశించలేకపోయింది. అమర్చుకోనివి దెబ్బతిన్నాయి. అప్పటి నుంచి ప్రపంచమంతటా నిపుణులు వల్లిస్తున్న సూత్రం ఒక్కటే: అప్‌డేట్‌ను వాయిదా వేయవద్దు.

సూత్రం సరైనదే. అయితే ఏడేళ్లు గడిచిన తరువాత ఆ సూత్రానికి రెండవ పార్శ్వం కూడా ఉన్నదని లోకం తెలుసుకుంది. 2024 జూలై 19న అమెరికాకు చెందిన క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన ఖాతాదారుల కంప్యూటర్లకు పంపిన ఒక చిన్న నవీకరణ ఫైలు లోపభూయిష్టమైనదని తేలింది. ఆ ఫైలు పంపిణీలో ఉన్నది 78 నిమిషాలు మాత్రమే. ఆ కొద్ది వ్యవధిలోనే దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. విమానాశ్రయాలు, ఆసుపత్రులు, బ్యాంకుల్లో పనులు స్తంభించాయి. ఆనాడు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లవలసిన ప్రయాణికుడికి చేతిరాతతో ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఛాయాచిత్రం ప్రపంచమంతటా ప్రచారమైంది.

దానిని సరిచేసిన పద్ధతి కూడా గమనార్హమైనదే. ఒక్కొక్క కంప్యూటర్ ముందూ మనిషి కూర్చుని, దానిని ‘సేఫ్ మోడ్’లో తెరిచి, దోషపూరితమైన ఫైలును తొలగించి, తిరిగి ప్రారంభించవలసి వచ్చింది. డిస్క్‌కు ‘బిట్‌లాకర్’ రక్షణ ఉన్న చోట 48 అంకెల రికవరీ కీ కూడా అవసరమైంది. తప్పు జరిగింది ఒక్క చోట. దిద్దుబాటు మాత్రం లక్షల బల్లల వద్ద జరిగింది.

మధ్యన నలిగేవాడు

విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం అన్న చందంగా ఉంది సామాన్య వినియోగదారుడి పరిస్థితి. నవీకరించకపోతే నేరగాళ్ల భయం, నవీకరిస్తే యంత్రం మొరాయిస్తుందన్న భయం. పెద్ద సంస్థలకు సాంకేతిక సిబ్బంది ఉంటారు. కొత్త నవీకరణను ముందుగా పది యంత్రాలపై పరీక్షించి, క్షేమమని తేలాకే మిగిలిన వాటికి పంపుతారు. ఇంట్లో ఒకే కంప్యూటర్ ఉన్న కుటుంబానికి ఆ వెసులుబాటు ఎక్కడిది?

ఖరగ్‌పూర్ పట్టణాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఉపాధి కోసం వెళ్లి స్థిరపడిన రైల్వే పట్టణమది. ఊరికి ఒక వైపున 1951లో హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలో ప్రారంభమైన దేశంలోని తొలి ఐఐటి ఉన్నది. గూగుల్ అధిపతి సుందర్ పిచ్చై 1993లో పట్టా పుచ్చుకున్నది అక్కడే. ఆ ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న ప్రేమ్ బజార్‌లో మాత్రం పరిస్థితి దేశంలోని ఏ చిన్న బజారుకూ భిన్నమైనది కాదు. గోడకు ఒక పక్క భద్రతా శాస్త్ర పరిశోధన సాగుతుండగా, మరో పక్క పింఛనుదారు ఇంట్లోనో, చిన్న దుకాణంలోనో పాత కంప్యూటర్ ‘నవీకరణ విఫలమైనది’ అని ఆంగ్లంలో, అర్థం కాని అంకెలతో ప్రకటిస్తుంది. ఆ అంకెలను విప్పి చెప్పగల విద్య గోడ దాటి రావడం లేదు.

ఆ అంకెల వెనుక ఉండే కారణాలు సాధారణంగా అంత గహనమైనవి కావు. డిస్క్‌లో తగినంత ఖాళీ లేకపోవడం, దిగుమతి మధ్యలో ఇంటర్నెట్ గాని విద్యుత్తు గాని పోవడం, ముందు దిగిన ఫైళ్లు చెడిపోవడం, ప్రింటర్ వంటి పరికరాల పాత డ్రైవర్లు కొత్త దానితో పొసగకపోవడం - ఇవే తరచుగా కనిపించేవి. ముందుగా అవసరమైన ఫైళ్లను వేరే డిస్క్‌లోకి నకలు తీసుకోవాలి. పిదప స్థలం ఖాళీ చేసి, యంత్రాన్ని పూర్తిగా ఆపి తిరిగి ప్రారంభించాలి. విండోస్‌లోనే ఉన్న ట్రబుల్‌షూటర్‌ను నడిపి, తాత్కాలికంగా దిగిన నవీకరణ ఫైళ్లను తొలగించి, సిస్టమ్ ఫైళ్ల తనిఖీ జరిపితే చాలా సందర్భాల్లో సమస్య తీరుతుంది. ఈ క్రమాన్ని సరళమైన తెలుగులోనో బెంగాలీలోనో తెరపైనే చూపడానికి సాంకేతికంగా ఏ అడ్డంకీ లేదు.

వినియోగదారుడి దోషం ఏమాత్రం లేని సందర్భాలూ ఉన్నాయి. 2024 జనవరిలో విండోస్ 10కు వచ్చిన ఒక భద్రతా నవీకరణ అసంఖ్యాకమైన కంప్యూటర్లలో 80070643 అన్న అంకెలతో ముగిసే సందేశమిచ్చి ఆగిపోయింది. డిస్క్‌లో రికవరీ కోసం ప్రత్యేకించిన భాగంలో 250 మెగాబైట్ల ఖాళీ లేకపోవడం ఇందుకు కారణం. ఆ భాగపు పరిమాణాన్ని నిర్ణయించింది వినియోగదారుడు కాదు. అయినా దానిని ఆదేశాల ద్వారా స్వయంగా పెంచుకోవలసిందని సంస్థ సూచించింది. యంత్రమే సరిచేసుకునే పరిష్కారం ఇవ్వజాలమని ఆ తరువాత తేల్చి చెప్పింది. అంతకు ముందు 2018 అక్టోబర్‌లో విడుదలైన విండోస్ 10 నవీకరణ కొందరి సొంత ఫైళ్లనే తుడిచివేయడంతో దాని పంపిణీని మైక్రోసాఫ్ట్ నిలిపివేయవలసి వచ్చింది. ఇటువంటి అనుభవాలు పొందినవారు నవీకరణ అంటేనే జంకితే వారిని అజ్ఞానులని నిందించడం న్యాయం కాదు.

భయమే పెట్టుబడిగా

ఈ అయోమయమే మోసగాళ్లకు మేత అవుతున్నది. తెరనంతా ఆక్రమించే ఎర్రని హెచ్చరిక, చెవులు చిల్లులు పడే మోత, కింద ఒక ఫోన్ నంబరు - నకిలీ భద్రతా హెచ్చరికల స్వరూపమిది. ఆ నంబరుకు ఫోన్ చేసినవారి కంప్యూటర్‌ను దూరం నుంచి తమ అధీనంలోకి తీసుకుని, లేని రోగానికి వైద్యం పేరిట డబ్బు గుంజుతారు. అమెరికాలో ఇటువంటి మోసాల వల్ల 2023లో 90 కోట్ల డాలర్లకు పైగా నష్టం జరిగినట్లు ఆ దేశ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బిఐకి అందిన ఫిర్యాదులు తెలుపుతున్నాయి. ఈ దందా నడిపే కాల్ సెంటర్లు కొన్ని మన దేశంలోనే ఉండడం శోచనీయం. మైక్రోసాఫ్ట్, అమెజాన్ సంస్థల ఫిర్యాదులతో సహా పలు కేసుల్లో సిబిఐ 2023 అక్టోబర్‌లో ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో 76 చోట్ల సోదాలు జరిపిన విషయం విదితమే.

మైక్రోసాఫ్ట్ చూపే అసలు హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎన్నడూ ఉండదు. ఈ ఒక్క వాక్యం ప్రతి ఇంటికీ తెలిసి ఉంటే ఎన్నో మోసాలు మొదట్లోనే ఆగిపోయేవి. మోసపోయినవారు 1930 నంబరుకు వెంటనే ఫిర్యాదు చేయవచ్చునన్నది కూడా అంతే ముఖ్యం. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ అత్యవసర సంస్థ ‘సెర్ట్-ఇన్’ తరచుగా హెచ్చరికలు జారీ చేస్తున్నది. అయితే అవి ప్రధానంగా ఆంగ్లంలో, నిపుణుల పరిభాషలో ఉండడంతో ఎవరికి అవసరమో వారికి చేరడం లేదు.

గడువు తీరిన యంత్రాలు

సమస్యలో ఆర్థికమైన అంశం మరింత ప్రధానమైనది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు ఉచిత భద్రతా నవీకరణలు ముగిశాయి. ఆ నాటికి ప్రపంచంలోని విండోస్ కంప్యూటర్లలో సుమారు 40 శాతం ఇంకా దానిపైనే నడుస్తున్నాయి. తరువాతి విండోస్ 11కు ‘టిపిఎం 2.0’ అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసర్ తప్పనిసరి. చక్కగా పనిచేస్తున్న పాత యంత్రాలు ఈ నిబంధనతో అనర్హమయ్యాయి. దీని మూలంగా 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పకు చేరే ప్రమాదం ఉన్నదని కెనలిస్ అనే పరిశోధన సంస్థ 2023లోనే అంచనా వేసింది.

విమర్శలు రావడంతో మైక్రోసాఫ్ట్ సాధారణ వినియోగదారులకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా నవీకరణల పొడిగింపును ప్రకటించింది. అందుకు 30 డాలర్లు చెల్లించాలని, లేదా కంప్యూటర్ అమరికలను సంస్థ క్లౌడ్‌లో భద్రపరచుకోవాలని, లేదా సంస్థ ఇచ్చే రివార్డు పాయింట్లు వేయి వినియోగించాలని షరతు విధించింది. ఐరోపాలోని వినియోగదారుల సంఘాలు అభ్యంతరం తెలిపాక, 2025 సెప్టెంబర్‌లో ఐరోపా ఆర్థిక మండలం వారికి మాత్రం సొమ్ము గాని, క్లౌడ్ షరతు గాని లేకుండా ఈ సదుపాయం కల్పించింది. అదే సాఫ్ట్‌వేర్, అదే లోపం, అదే నేరగాడు. రక్షణలో మాత్రం దేశాన్ని బట్టి తేడా! ఐరోపా పౌరుడు అడిగి సాధించుకున్నదానిని భారతీయుడు ఎందుకు అడగలేదన్నది ఆలోచించవలసిన విషయం.

మన తప్పు కూడా లేకపోలేదు. 2017లో దేశంలో వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో 56 శాతం లైసెన్సు లేనిదేనని బిఎస్ఎ అనే సాఫ్ట్‌వేర్ సంస్థల కూటమి పేర్కొన్నది. దొంగ ప్రతిని నమ్ముకున్నవారికి నమ్మకమైన నవీకరణ దొరకదు. ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు కూడా జాప్యానికి అతీతం కాదు. విండోస్ ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8తోనే మద్దతు ముగిసినా, ఎటిఎంలలో దానిని 2019 జూన్ నాటికి దశలవారీగా తొలగించవలసిందని రిజర్వ్ బ్యాంక్ 2018లో గడువు విధించవలసి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటుగా మారింది.

చేయవలసినదేమిటి?

మొదటిది, భద్రతకు సంబంధించిన మరమ్మతును, కొత్త హంగులను వేరు చేయాలి. తలుపుకు తాళం బాగుచేయడానికి వచ్చినవాడు ఇంటి గోడలకు రంగులు మార్చనక్కరలేదు. రెండవది, విఫలమైన నవీకరణ యంత్రాన్ని తనంతట తానే పూర్వస్థితికి తేవాలి. ఆ బాధ్యత తయారీదారుదేనని నిబంధన ఉండాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉత్పత్తి దోషాలకు తయారీదారును బాధ్యుడిని చేసింది. ఆ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ ప్రశ్నను చేపట్టాలి. 2022లో కేంద్రం తలపెట్టిన ‘మరమ్మతు హక్కు’ ప్రయత్నం పరికరాల విడిభాగాలతో ఆగిపోకుండా సాఫ్ట్‌వేర్ నవీకరణలకూ విస్తరించాలి.

మూడవది, హెచ్చరికలు ప్రజల భాషలో ఉండాలి. సందేశంలో మూడు విషయాలు చాలు: ఏమి జరిగింది, ఫైళ్లు క్షేమమేనా, ఇప్పుడు ఏమి చేయాలి. నాలుగవది, పాత యంత్రాలకు ప్రత్యామ్నాయం చూపాలి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి ఉచిత లినక్స్ వ్యవస్థతోనే పాఠాలు నడుపుతున్నాయి. సి-డాక్ రూపొందించిన ‘బాస్’ అనే స్వదేశీ వ్యవస్థ కూడా ఉన్నది. తెలుగు రాష్ట్రాల పాఠశాలలు, గ్రంథాలయాలు ఈ మార్గాన్ని పరిశీలించవచ్చు.

2000 సంవత్సరపు తేదీ సమస్య ప్రపంచాన్ని భయపెట్టిన రోజుల్లో లక్షలాది ప్రోగ్రామ్‌లను సరిచేసిన చేతుల్లో తెలుగువారి చేతులు అనేకం. మైక్రోసాఫ్ట్‌కు 2014 నుంచి సారథ్యం వహిస్తున్న సత్య నాదెళ్ల హైదరాబాద్‌లో చదువుకున్నవారే. లోకం కంప్యూటర్లకు మరమ్మతు చేసిపెట్టిన జాతి తన సొంత ఇంటి కంప్యూటర్ చూపే హెచ్చరికను చదువుకోలేక అపరిచితుడికి ఫోన్ చేసే దుస్థితి తొలగాలి. నవీకరణ తప్పనిసరి అయినప్పుడు, అది సవ్యంగా జరిగేలా చూడడం కూడా విక్రేతకు తప్పనిసరి కావాలి. ఆ బాధ్యతను చట్టంలో స్పష్టంగా రాయనంత కాలం ప్రతి లోపానికీ మూల్యం చెల్లించేవాడు వినియోగదారుడే అవుతాడు.