రంగము పోయిన మనవారు

మన పల్లెలలో రంగూనును రంగమనెడివారు. కాకినాడ రేవున ఓడ యెక్కి అచ్చటికి కూలికిఁ బోయిన తెలుగువారిని బర్మావారు కోరంగీలనిరి. కోరంగి మన సమీపపు రేవే గదా! 1930 మే నెలలో రంగూను రేవుకూలీల తగవు దొమ్మీగా మారి, వందకుఁ బైగా ప్రాణములు పోయెను. హతులలో పెక్కురు తెలుగువారే. అటుపిమ్మట లండను పార్లమెంటు 1935లో చేసిన చట్టముచే, 1937 ఏప్రిలు 1 నుండి బర్మా మన దేశమునుండి వేరై, అచ్చటి పోలీసు వ్యవహారములు బర్మా మంత్రుల పాలాయెను. మూట మోయుచున్నవాఁడు మోయుచుండఁగనే పరదేశి యయ్యెను! 1941లో వలసల నదుపుచేయు ఒడంబడికయు వచ్చెను. బర్మావారి స్వపరిపాలనము న్యాయమే. కాని ఆ కూలీల రక్షణను ముందుగాఁ జాలినంత విచారింపకుండుట తప్పని మా యభిప్రాయము. 2025లో మన పార్లమెంటును వలసలపై, విదేశీయులపై క్రొత్త చట్టము చేసెను. దానినిఁ గూర్చి వాదించు విద్యార్థులు, తమ ముత్తాతలలో రంగము పోయినవా రెవరైన నుండిరేమో యింట నడిగి రావలెనని కోరుచున్నాము.