పడిశమన్న పేరు చాటున

మందు వేసినచో వారము, వేయకున్న ఏడు దినములు అని జలుబును గూర్చి మన యిండ్లలో చిరకాలముగా నొక చమత్కారమున్నది. పెద్దలు తమ తుమ్ములను గూర్చి దానిని ఎన్నిమార్లు చెప్పుకొన్నను నాకు అభ్యంతరము లేదు. ఇన్‌ఫ్లుయెంజా సోకి ఒడలు కాలిపోవుచున్న రెండేండ్ల బిడ్డను ఒడిలో నుంచుకొని, ‘పడిశమే గదా, అదే పోవును’ అని దానినే వైద్యశాస్త్రముగా వల్లించువారితోనే నా పేచీ.

ఇన్‌ఫ్లుయెంజా పుట్టురోగులైన పిల్లలనే కబళించునని వారి వాదము. ఉబ్బసము, గుండెజబ్బు గలవారికి అపాయము హెచ్చన్నది నిజమే. అయినను అమెరికాలో దీనివలన మరణించు పిల్లలలో దాదాపు సగము మందికి అంతకుముందు ఏ జబ్బును లేదు. 2024-25 శీతకాలపు విజృంభణలో అక్కడ 280 మందికి తక్కువగాక పిల్లలు పోయిరి.

వేచి చూతమనువారు దేనిని చూచుచున్నారు? థర్మామీటరును. తల్లీ, బిడ్డ చొక్కా విప్పి రొమ్మును చూడుము. గడియారము ప్రక్కన నుంచుకొని నిండు నిమిషము లెక్కింపుము. రెండు నెలలు నిండి ఏడాదిలోపున్న బిడ్డ 50 మార్లు, అయిదేండ్లలోపు బిడ్డ 40 మార్లు, లేక అంతకు మించి ఊపిరి తీసినను, డొక్కలెగరవేసినను, పాలు త్రాగక మగతగా పడియున్నను, తగ్గిన జ్వరము మరల తిరుగబెట్టినను, తెల్లవారు వరకు ఆగరాదు.

ఇన్‌ఫ్లుయెంజా వైరసును అణచు ఒసెల్టమివిర్ అను మందు మొదటి 48 గంటలలో మిక్కిలి గుణమిచ్చును; వ్యాధి తీవ్రమైనచో ఆ గడువు దాటినను, పరీక్షాఫలితము కొరకు కాచుకొనక, వైద్యులు దానిని మొదలిడవలసినదే. (మన పలావులోని అనాసపువ్వునుండి తీయు ఆమ్లమే దీనికి మూలద్రవ్యము; పలావు తిన్న జ్వరము పోదు లెండి.) మందు హైదరాబాదులోనే తయారగుచున్నది. అట్లుండ, మన వారు వీథిచివర నొక సూది వేయించి, నాలుగు యాంటిబయాటిక్ బిళ్లలు తెచ్చి, ఆ అమూల్యమైన రెండు దినములను గడపివేయుదురు. వైరసుపై ఆ బిళ్లలు పనిచేయవు, పిదప బాక్టీరియా వలన న్యుమోనియా తోడైననే వాని యవసరము. ఆస్పిరిన్ మరింత చేటు: మెదడును కాలేయమును చెరచు ‘రే’ వ్యాధికి దానితో సంబంధము కలదు.

పడిశమునకు టీకాయా యని నవ్వువారును కలరు. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఏటేటా వేయించవచ్చును. తొమ్మిదేండ్లలోపువారికి తొలిసారి నాలుగు వారముల యెడముతో రెండు మోతాదులు కావలెను. ఆరు నెలలు నిండని పసికందుకు ఈ టీకా లేదు. గర్భవతిగా నున్నప్పుడు తల్లి వేయించుకొన్నదే దానికి రక్ష.