ప్రేమకథలు పంపొద్దు అని రాసింది నేనే

మన మ్యాగజైన్‌కి కథలు పంపే ఫారం గుర్తుందా? మొన్నటి దాకా అందులో నాలుగో పాయింట్ ఇలా ఉండేది: "దయచేసి ప్రేమకథలు పంపవద్దు." పక్కన ఒక స్మైలీ కూడా. ఆ లైన్ రాసింది నేనే, స్మైలీ పెట్టిందీ నేనే.

ఈ నెల ఆ లైన్ తీసేశాను. అంతటితో ఊరుకోకుండా, వచ్చే సంచిక మొత్తం ప్రేమకథలకే ఇద్దామని క్లబ్ మీటింగ్‌లో అడిగాను. సగం మంది నవ్వారు. ఒక సీనియర్ అన్న "మనది లిటరరీ క్లబ్బా, మ్యారేజ్ బ్యూరోనా?" అన్నాడు. అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాను. నాకు పాయింట్లన్నీ రూమ్‌కి వచ్చి పడుకున్నాకే గుర్తొస్తాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి. ఫస్టియర్ చివర్లో నన్ను కథల టీమ్‌లో వేసింది నాకు తెలుగు బాగా వచ్చని కాదు, గూగుల్ ఫారాలు బాగా చేస్తానని. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. పదో తరగతి దాకా తెలుగు ఒక సబ్జెక్టు. ఇంటర్‌లో మార్కుల కోసం అందరిలాగే సంస్కృతం. ఇప్పటికీ ఏ అక్షరానికి ఏ ఒత్తో డౌటొస్తే అమ్మకి ఫోన్ చేస్తాను. అలాంటి నేను ఎడిటర్ని!

మనకి కథలు ఎలా వస్తాయో బయటివాళ్ళకి తెలీదు. కొన్ని నోట్‌బుక్ పేజీల ఫొటోలు. కొన్ని వాట్సాప్‌లో ఇరవై ముక్కలుగా. కొన్ని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసిన తెలుగు, అవి మేమే మళ్ళీ టైప్ చేయాలి. ఒకరు వాళ్ళ ఊళ్ళో డీటీపీ చేయించి పంపారు. అది అను ఫాంట్‌లో ఉండటంతో నా లాప్‌టాప్‌లో తెరిస్తే మొత్తం పిచ్చి గుర్తులే. ల్యాబ్ రికార్డులయ్యాక రాత్రి పదకొండుకి కూర్చుని ఇవన్నీ చూస్తాం. అందులో నాలుగింట మూడు ప్రేమకథలే. లైబ్రరీ, వాన, కింద పడిన పుస్తకం. అతను మూడేళ్ళు చూస్తాడు, ఫేర్‌వెల్ రోజు చెప్తాడు. హీరోయిన్‌కి కళ్ళుంటాయి, జడ ఉంటుంది, గాలికి ఎగిరే చున్నీ ఉంటుంది. నోరు మాత్రం ఉండదు. పదిహేనో కథకి విసుగొచ్చి ఆ రూల్ పెట్టేశాను.

రూల్ ఉంటే ఒక సుఖం ఉంది. చదవక్కర్లేదు. రెండో పేజీలో వాన పడగానే కాపీ పేస్ట్ జవాబు: "మీ రచన మా సంచిక స్వభావానికి సరిపోలేదు. మరో అంశంతో ప్రయత్నించండి."

ఈ ఏడాది మెస్ లైన్లో ఒక జూనియర్ పలకరించాడు. "అక్కా, నేను కథ పంపాను గుర్తుందా?" గుర్తులేదు. "మరో అంశంతో ప్రయత్నించండి అన్నారు కదా. ఏ అంశమో అర్థం కాలేదక్కా. ఇక రాయట్లేదు" అన్నాడు. కోపంగా కాదు, మెస్‌లో ఇవాళ గుడ్డు లేదు అన్నంత మామూలుగా.

ఆ రాత్రి డ్రైవ్‌లో వెతికి ఆ కథ చివరి దాకా చదివాను. ఒక మండల కేంద్రంలో జిరాక్స్ షాపులో పనిచేసే అమ్మాయి. కానిస్టేబుల్ ఉద్యోగానికి అప్లై చేస్తూ కాగితాలు పట్టుకొచ్చే అబ్బాయి. వాన పడుతుంది, కరెంటు పోతుంది, ఇద్దరూ మాట్లాడుకుంటారు. నేను ఆపేసింది అక్కడే. ఆ తర్వాత ఆరు పేజీలున్నాయి. వాళ్ళిద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలుసు. ఇంటిపేరు మాత్రం అడుక్కోరు. అడిగితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఒకరోజు అతను తన కుల ధ్రువీకరణ పత్రం జిరాక్స్ తీయడానికి ఇస్తాడు. ఆమె దాన్ని చూడకుండానే అద్దం మీద బోర్లా పెడుతుంది. కానీ కాపీ ఇవతలకి రావాలి కదా. ఆ తర్వాత ఏమైందో చెప్పను, కథ అతనిది.

కులం గురించి మన మ్యాగజైన్‌లో రెండేళ్ళుగా వచ్చిన ఏ వ్యాసమూ నన్ను ఆ జిరాక్స్ మిషన్ అంత ఇబ్బంది పెట్టలేదు. దాన్ని నేను "ప్రేమకథ" అని పక్కన పడేశాను.

ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు ప్రేమ నవలలు చదివేదానివా?" అన్నాను. "ఎవరు చెప్పారే నీకు?" అని నవ్వింది. అమ్మ పెరిగింది తెనాలిలో. వాళ్ళ వీధి చివర అద్దె పుస్తకాల షాపుండేదట, నవలకి రోజుకి అర్ధరూపాయి. తెచ్చి లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివేదట. అమ్మమ్మ పట్టుకుని తిట్టి లాక్కునేదట. తెల్లారి చూస్తే ఆ నవల అమ్మమ్మ దిండు కింద ఉండేదట!

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' అమ్మకి ఇప్పటికీ సీన్లతో సహా గుర్తుంది. 1960ల్లో వచ్చిన నవల అది. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా వచ్చింది. ఆవిడ నవలలంటే కారున్న ఆరడుగుల హీరో అని మనం జోకులేసుకుంటాం. అమ్మ చెప్పింది వేరు. "రాజశేఖరం సంగతి తర్వాతే. ఆ జయంతి ఉద్యోగానికి వెళ్తుంది చూడు, ఆత్మాభిమానం వదులుకోదు చూడు, నాకు నచ్చింది అది." ఇంటర్ అయ్యాక అమ్మ ఇంట్లో పోట్లాడి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది. లోయర్, హయ్యర్ రెండూ పాసైంది. అది నవల వల్లేనని నేను అనను, అమ్మా అనలేదు. కానీ రెండూ ఒకే ఊపిరిలో చెప్పింది.

ఇప్పుడు సీనియర్ అన్నకి నా జవాబు.

జానర్ అంటే చదివేవాళ్ళకి రాసేవాళ్ళు ముందే ఇచ్చే మాట. డిటెక్టివ్ కథైతే చివరికి దొంగ దొరుకుతాడు. ప్రేమకథైతే ఇద్దరు కలుస్తారు, లేదా ఎందుకు కలవలేదో మనకి అర్థమవుతుంది. మన భాషలో చెప్పాలంటే అవుట్‌పుట్ ముందే తెలుసు. అయినా ఎందుకు చదువుతాం? మధ్యలో అడ్డం ఏముందో చూడటానికి. ఆ అడ్డం కాలాన్ని బట్టి మారుతుంది. జేన్ ఆస్టెన్ 1813లో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' వేసినప్పుడు, ఆ ఇంట్లో ఐదుగురు ఆడపిల్లలున్నా ఆస్తి మగ వారసుడికే పోతుంది. ఆ కథలో ప్రతి పెళ్ళి సంబంధం వెనకా ఆ భయం ఉంటుంది. అమ్మ చదివిన నవలల్లో అడ్డం డబ్బు, పరువు, ఆత్మాభిమానం. మనకి? ఇంటిపేరు, ప్యాకేజీ, వీసా, "మా ఇంట్లో ఒప్పుకోరు" అనే ఒక్క వాక్యం. ఒక కాలంలో మనుషులు దేనికి భయపడ్డారో తెలియాలంటే ఆ కాలపు ప్రేమకథలు చదివితే చాలనిపిస్తోంది నాకు.

రెండో విషయం, నేర్చుకోవడం. మనం "సీరియస్" కథలంటూ వేసినవి ఒకసారి మళ్ళీ చూడండి. నేను రాసిన రైతు కథ కూడా ఉంది అందులో. మొత్తం కథలో రైతు ఏడుస్తాడు తప్ప ఏ పంట వేశాడో లేదు. పత్తో మిరపో కూడా రాయలేదు నేను, ఎందుకంటే నాకు తెలీదు. దానికి ప్రశంసా పత్రం ఇచ్చారు. కానీ ఇష్టపడిన మనిషి మెసేజ్‌కి రెండు బ్లూ టిక్‌లు పడి జవాబు రాని రాత్రి ఎలా ఉంటుందో మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసింది రాయడం దగ్గర మొదలుపెడితే, తెలియనిది ఎలా తెలుసుకోవాలో తర్వాత నేర్చుకుంటాం.

పాపులర్ నవలలు రాసినవాళ్ళు ఊరికే పాపులర్ అయిపోలేదు. వారం వారం సీరియల్ రాసేవాళ్ళకి ఎక్కడ ఆపాలో తెలియాలి, లేకపోతే పాఠకులు వచ్చే వారం పత్రిక కొనరు. యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల' తీసుకోండి. హీరో చెస్ ఆటగాడు. ఫోన్లో మాట్లాడే అమ్మాయి ఎవరో తెలీదు, ఆమె ఇచ్చే క్లూలు పట్టుకుని వెతకాలి. ప్రేమకథే, కానీ పజిల్‌లా నడుస్తుంది. 1995లో కన్నడంలో 'బెళదింగళ బాలె' పేరుతో సినిమా తీశారు. ఆ అమ్మాయి ఎక్కడుందో అని పేజీలు తిప్పించడం ఎంత కష్టమో, ఒక్క కథ రాసి చూస్తే తెలుస్తుంది.

ఇంకో మాట, ఇది నాకూ తగులుతుంది. మన హాస్టల్లో ఇంగ్లీష్ రొమాన్స్ పుస్తకం చేతిలో పట్టుకుని కారిడార్‌లో నడుస్తాం. కవర్ ఫొటో తీసి స్టోరీ కూడా పెడతాం. అదే తెలుగు నవలైతే? "ఏంటే, ఆంటీల పుస్తకాలు చదువుతున్నావ్?" ఒకే రకం కథ ఒక భాషలో టేస్ట్, ఇంకో భాషలో టైంపాస్ ఎలా అయింది? నేను ఆ నాలుగో పాయింట్ రాసినప్పుడు నా బ్యాగ్‌లో ఉన్నది ఒక ఇంగ్లీష్ ప్రేమ నవలే. ఆ సంగతి అప్పుడు నాకు వింతగా కూడా అనిపించలేదు.

మీటింగ్‌లో ఒక ఫ్రెండ్ అడిగిన ప్రశ్న మాత్రం నిజంగా బరువైంది. "మూడేళ్ళు వెంటపడటాన్ని ప్రేమ అని రాస్తారు. అది మనం వేస్తే, నిజంగా మన వెనక పడేవాడికి ధైర్యం ఇచ్చినట్టే కదా?" అంది. నిజం. కాదనను. నేను విసుగొచ్చిందని రూల్ పెట్టాను కానీ ఈ కారణంతో పెట్టుంటే కొంచెం గౌరవంగా ఉండేది. అయితే ఒక సంగతి గమనించండి. రూల్ పెట్టాక ఆ కథలు ఆగలేదు. వేరే చోట పోస్ట్ అయ్యాయి, లైకులు వచ్చాయి. అక్కడ "ఇక్కడ ఆ అమ్మాయి ఏమంటుంది?" అని అడిగే ఎడిటర్ లేరు. ఆ ప్రశ్న అడగడమే కదా మన పని. మనం చదవకుండా వెనక్కి పంపితే ఆ పని మానేసినట్టే.

అందుకని ప్రేమ సంచికకి మేము అనుకున్నవి ఇవి. ఒకటి, ఇద్దరికీ మాట ఉండాలి. వాళ్ళలో ఎవరు "వద్దు" అన్నా కథ అక్కడ మలుపు తిరగాలి, పట్టుదల పెరగకూడదు. రెండు, మన క్యాంపస్‌లో ఉన్న మనిషిని గుర్తుపట్టేలా రాయకూడదు. కథ పేరుతో ప్రపోజ్ చేయడానికి మేము కొరియర్ కాదు. మూడు, కలం పేరు పెట్టుకోవచ్చు. అసలు పేరు ఇద్దరు ఎడిటర్లకి తప్ప ఎవరికీ తెలీదు. ఈ మూడోది ఎందుకంటే, పోయిన సంచికలో ఒకమ్మాయి మంచి కథ ఇచ్చి ముందు రోజు రాత్రి వెనక్కి తీసుకుంది. వాళ్ళ బాబాయి మన పేజీ ఫాలో అవుతాడట. అబ్బాయి రాస్తే ఊహ, అమ్మాయి రాస్తే అనుభవం అనుకునే చోట కలం పేరు సరదా కోసం కాదు, రక్షణ కోసం. నాలుగు, ఇద్దరు అబ్బాయిల కథ వచ్చినా, ఇద్దరు అమ్మాయిల కథ వచ్చినా ఇవే రూల్స్, ఇంకేమీ కలపం.

ఐదోది మా కోసం: ప్రతి కథా చివరి పేజీ దాకా చదవాలి. తిప్పి పంపితే ఎందుకో రెండు లైన్లు మా సొంతంగా రాయాలి. కాపీ పేస్ట్ జవాబు ఫైల్ డిలీట్ చేశాను. పని ఎక్కువవుతుంది, తెలుసు. మిడ్స్ ముందు తిట్టుకుంటాం కూడా.

ఈ సంచికతో మన మ్యాగజైన్ స్థాయి తగ్గుతుందా? చెత్త కథలు వేస్తే తగ్గుతుంది. అది రైతు కథైనా, ప్రేమకథైనా అంతే.

ఇది పోస్ట్ చేసే ముందు ఆ జూనియర్‌కి చదవమని పంపాను, సారీ కూడా చెప్పాను. "పేరు రాయకు అక్కా, మిగతాది ఓకే" అన్నాడు. కథ మళ్ళీ పంపుతావా అని అడిగాను. "చూస్తానక్కా" అన్నాడు.

మన దగ్గర "చూస్తా" అంటే చాలాసార్లు "లేదు" అని అర్థం. ఈసారి కాకూడదని, ప్రతి రాత్రి పదకొండుకి ఇన్‌బాక్స్ తెరిచి చూస్తున్నాను.