మాటల లోతులు: పారాక్సిజమ్

ఆంగ్లంలో 'పారాక్సిజమ్' అనే మాటకు అర్థం వెదికితే 'ఆవేశం', 'ఉద్రేకం' అని చెబుతారు. ఆ అర్థాలలో తప్పు లేదు. కాని అవి ఆ మాటకు నిండుగా సరిపోవు. ఆవేశం రోజంతా నిలిచి ఉండవచ్చు. ఉద్రేకం లోలోపలే అణగి ఉండవచ్చు. పారాక్సిజమ్ అలా కాదు. హఠాత్తుగా విరుచుకుపడుతుంది, తారస్థాయికి చేరుతుంది, తగ్గిపోతుంది.

ఈ మాటకు పుట్టినిల్లు గ్రీకు భాష. అందులో 'ఆక్సిస్' అంటే వాడియైనది అని అర్థం. నాలుకకు పులుపు కూడా వాడిగానే తగులుతుంది గనుక పులుపు అనే అర్థమూ దానికి ఉన్నది. ఒక వాయువు ఆమ్లాలన్నిటికీ మూలమని భావించి లావోయిజే దానికి 'ఆక్సిజన్' అని పేరు పెట్టింది ఈ పదంతోనే. దీనికి 'పర' అనే ఉపసర్గ చేరి పుట్టిన 'పరాక్సిస్మోస్'కు పదును పెట్టడం, రెచ్చగొట్టడం అని అర్థం.

ప్రాచీన గ్రీకు వైద్యులు ఈ మాటను జ్వరానికి వాడారు. మలేరియా రోగిని చూసినవారికి కారణం సులభంగా బోధపడుతుంది. మొదట చలి, వణుకు. తరువాత ఒళ్ళంతా మంట. చివరకు ధారగా చెమట. ఆపైన రోగి తేరుకుంటాడు. ఒక రోజు విడిచి మళ్ళీ అదే వరస. మన ఆయుర్వేదం కూడా ఇటువంటి విషమజ్వరాలను 'తృతీయకం', 'చతుర్థకం' అని విడదీసి చెప్పింది. పరాన్నజీవులు ఎర్ర రక్తకణాలను చీల్చుకొని ఒక్కుమ్మడిగా వెలువడే వేళకే జ్వరం వస్తుందని 1880లలో ఇటలీ శాస్త్రజ్ఞుడు గాల్జీ గుర్తించాడు. ఆ జీవి దోమ కడుపులో పెరగడాన్ని 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికిందరాబాదులోనే.

నేటికీ వైద్యులు కోరింత దగ్గు ముదిరిన దశకు, ఉన్నట్టుండి గుండె వేగంగా కొట్టుకొని మళ్ళీ సర్దుకోవడానికి ఈ మాటే వాడతారు. భూగర్భ శాస్త్రజ్ఞులు అగ్నిపర్వతాల భీకర విస్ఫోటనాలను ఇలాగే పిలుస్తారు. 2019 జూలై 3న ఇటలీలోని స్ట్రాంబోలిలో సంభవించినది అటువంటిదే.

ఇక మనుషుల మాట. బైబిలు కొత్త నిబంధన గ్రీకు మూలంలో ఈ పదం రెండుచోట్ల వస్తుంది. మార్కు అనే సహచరుణ్ణి వెంట తీసుకుపోవాలా వద్దా అని పౌలు, బర్నబా తీవ్రంగా వాదించుకొని విడిపోయిన సందర్భం ఒకటి. తరువాతి లేఖలలో అదే మార్కు పేరు ఆదరంగా వినిపిస్తుంది. రెండవ చోట ప్రేమకూ సత్కార్యాలకూ ఒకరినొకరు పురికొల్పుకోవడాన్ని ఈ మాటే తెలుపుతుంది. పదును ఒక్కటే, నరకడానికీ పనికివస్తుంది, చెక్కడానికీ పనికివస్తుంది.

మరి తెలుగులో దీనిని ఏమనాలి? సంస్కృత సమాసాలకై వెదకనక్కరలేదు. దగ్గు తెరలు తెరలుగా వస్తోందని, నవ్వు తెరలు తెరలుగా వచ్చిందని మన ఇళ్ళలో అంటూనే ఉంటాం. ఇక్కడ తెర అంటే అల. ఉవ్వెత్తున లేవడం, విరిగిపడటం, వెనుదిరగడం, ఈ మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. 'కోపోద్రేకం' అన్నప్పుడు కోపం ఎంత గొప్పదో తెలుస్తుంది. 'కోపపు తెర' అన్నప్పుడు అది ఎంతోసేపు నిలిచేది కాదనీ తెలుస్తుంది. ఎదుటివారి నోట పరుషమైన మాట వెలువడిన క్షణంలో మనకు కావలసినది ఈ రెండవ ఎరుకే. తెర విరిగేదాకా ఆగగలిగితే చాలు. తెగిపోవలసిన బంధాలు ఎన్నో నిలుస్తాయి.