పాఠాన్ని తూచేదెలా?

2016 నుంచి ఏటా మన ఉన్నత విద్యాసంస్థలకు ఎన్ఐఆర్ఎఫ్ (జాతీయ సంస్థాగత ర్యాంకింగ్ చట్రం) ర్యాంకులు వస్తున్నాయి. అందులో బోధన పద్దు కింద చూసేవి విద్యార్థుల సంఖ్య, అధ్యాపక-విద్యార్థి నిష్పత్తి, అధ్యాపకుల్లో ఎందరికి పీహెచ్‌డీ ఉంది, ఎంత ఖర్చుపెట్టారు వంటివి. అవసరమైన లెక్కలే. కానీ ఇవేవీ తరగతి గదిలోకి తొంగిచూడవు. వెనక బెంచీ అమ్మాయి “అర్థం కాలేదు సార్” అంటే, బోర్డు తుడిచి ఇంకో ఉదాహరణతో మొదలుపెట్టే మాస్టారికి ఏ పద్దులో మార్కులు వేస్తారు? పోనీ, సెమిస్టర్ చివర విద్యార్థులతో నింపించే ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో, ధారాళంగా మార్కులు వేసేవారికే మంచి పేరొచ్చే ప్రమాదం ఉంది. తోటి అధ్యాపకులు వెనక కూర్చుని పాఠం వినడం, కోర్సుకు ముందూ తర్వాతా అవే ప్రశ్నలడిగి తేడా చూడటం మాకు ఇంతకన్నా నమ్మదగ్గ దారులు. ఈ సంచికలో ప్రధాన వ్యాసాలు వాటి మీదే. చదివి, మీ తరగతి గది అనుభవాలు రాసి పంపండి.