సహార్‌లో దిగి ఉల్వేలో ఎక్కేవాళ్ల సంగతి

2025 అక్టోబర్ 8న ప్రధాని నరేంద్ర మోదీ నవీ ముంబై అంతర్జాతీయ విమానాశ్రయాన్ని ప్రారంభించారు. ముంబై మెట్రో మూడో లైనులో మిగిలిన చివరి భాగాన్నీ అదే రోజు ప్రారంభించారు. ఆ మెట్రో పాత విమానాశ్రయంలోని శాంతాక్రూజ్, సహార్ టెర్మినళ్లు రెండింటి దగ్గరా ఆగుతుంది. కొత్త విమానాశ్రయం వైపు మాత్రం వెళ్లదు. డిసెంబర్ 25 నుంచి ఉల్వే దగ్గరి కొత్త రన్‌వే మీద ప్రయాణికుల విమానాలు దిగుతున్నాయి. పాత విమానాశ్రయానికీ కొత్తదానికీ మధ్య దాదాపు 40 కిలోమీటర్ల రోడ్డు, ఒక సముద్రపు పాయ. ఒకచోట దిగి రెండోచోట విమానం ఎక్కాల్సిన మనిషిని ఆ దూరం దాటించే పని ఎవరిది?

రెండో విమానాశ్రయం ముంబైకి అవసరమే. పాతదాని రన్‌వేలు రెండూ ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ పోతాయి కాబట్టి ఒక సమయంలో ఒకదాన్నే వాడుకోవాలి. దాని మీదే 2024-25లో సుమారు ఐదున్నర కోట్ల మంది ప్రయాణించారు. అక్కడ పెరగడానికి చోటు లేదు. నా అభ్యంతరమల్లా, పది ఊళ్లను ఖాళీ చేయించి, ఉల్వే కొండను చదును చేసి, నదిని మళ్లించి ఇంత పెద్ద కట్టడం కట్టినవాళ్లు ఆ 40 కిలోమీటర్లను ప్రయాణికుడి సొంత తంటాగా వదిలేయడం మీదే.

ఇలా వదిలేస్తే ఏమవుతుందో కెనడా చూసింది. మాంట్రియల్‌కు డోర్వాల్ విమానాశ్రయం చాలదనుకున్న అక్కడి ప్రభుత్వం, మిరాబెల్ ప్రాంతంలో రైతుల నుంచి దాదాపు 97 వేల ఎకరాలు తీసుకుని 1975లో కొత్తది తెరిచింది. విదేశీ విమానాలు మిరాబెల్‌కు వెళ్లాలని, దేశీయ విమానాలూ అమెరికా విమానాలూ డోర్వాల్‌లోనే ఉండాలని పంచింది. మిరాబెల్‌కు వేగంగా నడిచే రైలు వేస్తామన్నారు, వేయలేదు. 13వ నంబరు హైవేను అక్కడిదాకా పొడిగిస్తామన్నారు, మధ్యలో ఆపేశారు. యూరప్ నుంచి వచ్చి కెనడాలోనే మరో ఊరికి పోవాల్సినవాడు మిరాబెల్‌లో దిగి, సామాను తీసుకుని, రోడ్డు పట్టుకుని డోర్వాల్ చేరాలి. ఇంత అవస్థ కన్నా టొరంటోలో దిగి అక్కడే విమానం మారడం నయమనుకున్నారు జనం. టొరంటో వ్యాపారపరంగా ఎదగడం, మధ్యలో ఆగకుండా ఎక్కువ దూరం పోగల విమానాలు రావడం కూడా మిరాబెల్‌ను దెబ్బతీశాయి, నిజమే. కానీ విమానాలను రెండుగా చీల్చి, మధ్యలో దారి వేయకపోవడం మాత్రం చేజేతులా చేసుకున్నది. 1997లో విదేశీ విమానాలు డోర్వాల్‌కు తిరిగొచ్చాయి. 2004లో మిరాబెల్ నుంచి చివరి ప్రయాణికుల విమానం ఎగిరింది. 2014లో టెర్మినల్‌ను కూలగొట్టడం మొదలుపెట్టారు.

దక్షిణ కొరియా దారి వేరు. సియోల్‌కు 2001లో ఇంచియాన్ విమానాశ్రయం వచ్చింది. 2007లో ఎయిర్‌పోర్ట్ రైలు మొదటి దశ తెరిచినప్పుడు అది నగరం నడిబొడ్డుకు కూడా పోలేదు, ఇంచియాన్ నుంచి పాత గింపో విమానాశ్రయం దాకా నడిచింది. అరగంట ప్రయాణం. కానీ అంచనా వేసిన ప్రయాణికుల్లో పదో వంతు కూడా ఎక్కలేదు. ప్రైవేటు సంస్థకు ఇచ్చిన ఆదాయ హామీ ఖజానాకు భారమై, 2009లో ప్రభుత్వ రైల్వే సంస్థ దాన్ని చేతిలోకి తీసుకుంది. 2010 డిసెంబర్‌లో సియోల్ స్టేషన్ దాకా పొడిగించారు. నగరంతో కలిశాకే ఆ లైనుకు జనం పెరిగారు. విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి పోయేవాళ్ల మీదే ఆధారపడితే ఏ రైలూ బతకదు. షాంఘైలో పుడాంగ్ విమానాశ్రయం 1999లో తెరిస్తే, పాత హాంగ్‌చావోతో దాన్ని 40 నిమిషాల లోపు కలిపే రైలు 2024 డిసెంబర్‌లో గానీ రాలేదు. పాతికేళ్లు పట్టింది.

ముంబైలో రెండు విమానాశ్రయాలనూ కలపడానికి ఎనిమిదో మెట్రో లైను ప్రతిపాదన ఉంది. దాదాపు 35 కిలోమీటర్ల పొడవు. అది కావాలి. సియోల్ అనుభవం చూశాక, ఉద్యోగాలకు రోజూ పోయివచ్చేవాళ్లకూ, కుర్లాలో విశాఖ రైలు దిగే మనవాళ్లకూ కూడా అది పనికొచ్చేలా వేయాలనే అంటాను. అయితే మెట్రో పూర్తయ్యే దాకా ప్రయాణికులు ఆగలేరు. పూర్తయినా ఇంకో చిక్కుంది. ముంబై నుంచి విదేశాలకు పోయే విమానాల్లో చాలా భాగం అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము మధ్యలో ఎగురుతాయి. మెట్రో రాత్రి పదకొండు ప్రాంతంలో ఆగిపోతుంది. అందుకే నా దృష్టిలో మెట్రో కన్నా ముందు కావాల్సింది బస్సు. రాత్రంతా నడవాలి, వేళలు ముందే ప్రకటించాలి, సామాను పెట్టుకునే చోటుండాలి, ముంబైని నవీ ముంబైతో కలిపే సముద్రపు వంతెన అటల్ సేతు మీద దానికి టోల్ ఉండకూడదు. టోక్యోలో నరీతా, హనేదా మధ్య రైళ్లున్నా లిమజిన్ బస్సుల్లో పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లండన్‌లో హీత్రో, గాట్విక్ మధ్య 1978 నుంచి 1986 దాకా హెలికాప్టర్ నడిపారు. ఎక్కగలిగింది కొద్దిమందే. ఎం25 రింగ్ రోడ్డు వచ్చాక దాన్ని ఆపేశారు.

బస్సు కన్నా ముందు తేల్చాల్సింది టికెట్ సంగతి. కరీంనగర్, జగిత్యాల జిల్లాల నుంచి ముంబై మీదుగా గల్ఫ్ పోయే దారి దశాబ్దాల నాటిది. శంషాబాద్ నుంచి నేరు విమానాలు పెరిగినా, నాలుగు వేలు తక్కువని ముంబై మీదుగా పోయేవాళ్లు ఉంటారు. ఏజెంట్ రెండు వేర్వేరు పీఎన్‌ఆర్‌లతో రెండు టికెట్లు చేతిలో పెడతాడు. రెండింటి మీదా ముంబై అనే ఉంటుంది. ఏ ముంబై? ఒకే టికెట్ మీద పోతే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఎయిర్‌లైన్ మరో విమానంలో పంపాలి. రెండు టికెట్లయితే ఆ నష్టమంతా ప్రయాణికుడిదే. వీసా గడువు, అక్కడ పనిలో చేరాల్సిన తేదీ నెత్తి మీద ఉన్న కూలీకి అది నెలల సంపాదన. టికెట్ మీద విమానాశ్రయం పేరు ప్రయాణికుడి భాషలో పెద్ద అక్షరాల్లో ఉండాలని పౌర విమానయాన శాఖ ఆదేశించడానికి కొత్త రన్‌వే ఏమీ కట్టక్కర్లేదు. ఒకే టికెట్ మీద విమానాశ్రయం మారాల్సి వచ్చినప్పుడు ఆ బస్సు చార్జీ టికెట్‌లోనే కలిసి ఉండాలి, సామాను తరలించడం ఎయిర్‌లైన్ పని కావాలి.

ఇది చేయలేమని ముంబైలో ఎవరూ అనలేరు. లండన్‌లో పోటీ పెంచడానికని 2009లో గాట్విక్‌ను వేరే యాజమాన్యానికి అమ్మించారు. అక్కడ హీత్రోకూ గాట్విక్‌కూ ఒకరి ప్రయాణికుడిని ఇంకొకరు మోసే అవసరం లేదు. ముంబైలో రెండు విమానాశ్రయాలనూ నడిపేది అదానీ గ్రూపే. నవీ ముంబైలో 26 శాతం వాటా మహారాష్ట్ర ప్రభుత్వ సంస్థ సిడ్కోది. ఏ విమానం ఎక్కడ దిగాలన్న చర్చలో ఈ ఇద్దరి మాటకూ బరువుంటుంది. శాంతాక్రూజ్ టెర్మినల్‌ను పడగొట్టి మళ్లీ కట్టే ప్రణాళిక ఉంది కాబట్టి ఆ చర్చ ఎలాగూ తప్పదు. అప్పుడు ఒక ఎయిర్‌లైన్ దేశీయ విమానాలను ఒకచోట, వాటికి కలిసే విదేశీ విమానాలను మరోచోట పెట్టనివ్వకూడదు. 40 కిలోమీటర్లు పోవాల్సినవాళ్ల సంఖ్యను తగ్గించడానికి అంతకన్నా చవకైన మార్గం లేదు.

తెలుగు ప్రాంతాలకు ఈ అనుభవం ఇంకా రాలేదు. 2008 మార్చిలో శంషాబాద్ తెరవగానే బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆపేశారు. 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్ల పాటు మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు కూడా శంషాబాద్ ఒప్పందంలో ఉంది. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి, శంషాబాద్‌ను నడిపే జీఎంఆర్ సమ్మతి కావాల్సి వచ్చింది అందుకే. ఆ గడువు 2033లో ముగుస్తుంది. హైదరాబాద్ పెరుగుతున్న తీరు చూస్తే రెండో విమానాశ్రయం మాట అంతకు ముందే రావచ్చు. ఆ కొత్త ఒప్పందంలో రన్‌వే పొడవు, టెర్మినల్ వైశాల్యం రాసే చోటే, శంషాబాద్‌కు అక్కడి నుంచి అర్ధరాత్రి పూట ఎన్ని నిమిషాలకో బస్సు, దాని ఖర్చు ఎవరు భరిస్తారు అన్నది కూడా రాయించాలి.