ముందు గేటు తీయండి, ప్రతిభ సంగతి తర్వాత

ఆటకు కులం లేదు, మతం లేదు, రంగు లేదు. బాగా ఆడినవాడిదే గెలుపు. ఏ ఆటల పోటీ ప్రారంభోత్సవానికి వెళ్లినా ఈ మాట వింటాం. మనం కూడా చప్పట్లు కొడతాం. కానీ మిత్రులారా, ఈ మాటలో సగమే నిజం. మైదానంలో అడుగు పెట్టాక బంతికి ఎవరి రంగూ తెలియదు, ఒప్పుకుంటాను. అయితే మైదానం గేటు దగ్గర నిలబడ్డ మనిషికి అన్నీ తెలుస్తాయి. లోపలికి ఎవరు రావాలో నిర్ణయించేది బంతి కాదు, ఆ మనిషే.

ఈ సంగతి చెప్పడానికి నేను గోల్ఫ్ ఆటను ఎంచుకున్నాను. గోల్ఫ్‌తో మనకేం పని అని మీరు అడగవచ్చు. మన హాస్టల్లో గోల్ఫ్ కర్ర పట్టుకున్నవాడు ఒక్కడూ ఉండడు. హైదరాబాదులో గోల్కొండ కోట పక్కన నయా ఖిలాలో పచ్చటి గోల్ఫ్ మైదానం ఉంది. మనలో ఎవరైనా దాన్ని చూసి ఉంటే కంచె ఇవతల నుంచే చూసి ఉంటాం. కంచె ఇవతల నిలబడినవాళ్లం కాబట్టే మనం దాని గురించి మాట్లాడాలి.

తెలియనివారి కోసం ఆట గురించి రెండు ముక్కలు. విశాలమైన పచ్చిక మైదానంలో 18 గుంతలుంటాయి. చిన్న బంతిని కర్రతో కొట్టి ఒక్కో గుంతలో వేసుకుంటూ పోవాలి. పెద్ద పోటీలు నాలుగు రోజులు జరుగుతాయి. అందరికంటే తక్కువ దెబ్బలతో ముగించినవాడు విజేత. రెండో రోజు సాయంత్రానికి వెనకబడినవాళ్లు ఇంటిదారి పడతారు. పురుషుల గోల్ఫ్‌లో ‘మేజర్’ అని పిలిచే పెద్ద పోటీలు నాలుగు. వాటిలో ఆటే బ్రతుకుతెరువుగా ఉన్నవాళ్ల కోసం పెట్టింది ‘పీజీఏ ఛాంపియన్‌షిప్’. దీన్ని నడిపేది అమెరికాలోని గోల్ఫ్ వృత్తి ఆటగాళ్ల సంఘమైన పీజీఏ. ఆ సంఘమూ, ఆ పోటీ కూడా 1916లోనే పుట్టాయి. మొదటి పోటీ న్యూయార్క్ దగ్గర సివనోయ్ క్లబ్బులో జరిగింది. జిమ్ బార్న్స్ గెలిచి 500 డాలర్లు అందుకున్నాడు.

ఆ సంఘం పెట్టుకున్నవాళ్లు ధనవంతులు కారు. క్లబ్బుల్లో పెద్దవాళ్లకు ఆట నేర్పి, కర్రలు బాగుచేసి, జీతం తీసుకుని బ్రతికేవాళ్లు. చాలామంది చిన్నప్పుడు ‘క్యాడీ’లుగా, అంటే ఆడేవాళ్ల వెనక సంచులు మోసేవాళ్లుగా పనిచేసినవాళ్లే. ఆ రోజుల్లో వృత్తి ఆటగాడిని క్లబ్బు భవనంలోకి రానిచ్చేవారు కాదు. ఎంత గొప్ప ఆటగాడైనా నౌకరు కిందే లెక్క. 1920లో ఇంగ్లండులోని డీల్‌లో బ్రిటిష్ ఓపెన్ జరిగినప్పుడు వాల్టర్ హేగన్‌ను కూడా లోపల బట్టలు మార్చుకోనివ్వలేదు. అతడు అద్దె కారు తెప్పించి భవనం ముందే నిలిపి, అందులోనే బట్టలు మార్చుకున్నాడు. అదే ఏడాది అమెరికాలోని ఇన్వర్నెస్ క్లబ్బు ఆటగాళ్లను గౌరవంగా లోపలికి పిలిస్తే, వాళ్లంతా తలా కొంత వేసుకుని ఆ క్లబ్బుకు ఒక నిలువెత్తు గడియారం బహూకరించారు. గుమ్మం దాటనిచ్చినందుకు అంత కృతజ్ఞత! బయట నిలబడినవాడికే ఆ విలువ తెలుస్తుంది.

మరి గుమ్మం బయట అంత అవమానం పడ్డవాళ్లు తమ సంఘం పెరిగి పెద్దదయ్యాక ఏం చేశారు? 1934లో తమ నిబంధనల్లో ఒక వాక్యం రాసుకున్నారు. తెల్లజాతి ఆటగాళ్లకే సభ్యత్వం అని దాని సారాంశం. 1961 దాకా, అంటే 27 ఏళ్లు ఆ వాక్యం అలాగే ఉంది. నిన్నటిదాకా తమను తోసేసిన చెయ్యి ఎలాంటిదో తెలిసి కూడా, అదే చేత్తో మరొకరిని తోశారు. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఈ సంగతే.

బయట ఉండిపోయినవాళ్లు ఎలాంటివాళ్లో చూడండి. బిల్ స్పిల్లర్ డిగ్రీ చదువుకున్న నల్లజాతి యువకుడు. లాస్ ఏంజెల్స్ రైల్వే స్టేషనులో సామాన్లు మోస్తూ గోల్ఫ్ నేర్చుకున్నాడు. 1948లో లాస్ ఏంజెల్స్ ఓపెన్‌లో స్పిల్లర్, టెడ్ రోడ్స్ ఇద్దరూ బాగా ఆడి, తర్వాత జరిగే రిచ్‌మండ్ ఓపెన్‌కు అర్హత సంపాదించారు. తీరా అక్కడికి వెళ్తే మీకు ఆట లేదన్నారు. వాళ్లు కోర్టుకెక్కారు. ఇకపై వివక్ష చూపం అని సంఘం మాట ఇస్తే కేసు వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత జరిగిందేమిటి? ‘ఓపెన్’ పోటీలు ‘ఆహ్వాన’ పోటీలుగా మారాయి. వివక్ష లేదు, ఆహ్వానం లేదంతే! చట్టానికి దొరక్కుండా గేటు మూయడం ఎలాగో అప్పుడే కనిపెట్టారు.

చార్లీ సిఫర్డ్ 1922లో ఉత్తర కరోలినా రాష్ట్రంలోని షార్లట్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే క్యాడీగా సంచులు మోశాడు. నల్లజాతివాళ్లు తమకు తాము పెట్టుకున్న జాతీయ పోటీని 1952 నుంచి 1956 వరకు వరుసగా ఐదేళ్లు గెలిచాడు. 1952లో ఫీనిక్స్ ఓపెన్‌లో ఆడనిస్తే, మొదటి గుంతలోనే ఎవరో మలం వేసి ఉంచారు. 1961లో గ్రీన్స్‌బొరోలో మొదటి రోజు అందరికంటే ముందు నిలిచాడు. ఆ రాత్రి చంపేస్తామని ఫోన్ వచ్చింది. మర్నాడు మైదానంలో జనం తిట్లు. అయినా ఆడి నాలుగో స్థానంలో ముగించాడు. ఇప్పుడు చెప్పండి, ఆయన ప్రతిభను ఏ కొలబద్దతో కొలవాలి? తెల్ల ఆటగాడికి బంతి ఒక్కటే సమస్య. సిఫర్డ్‌కు బంతితో పాటు ప్రాణభయం కూడా. ఇద్దరి పాయింట్లూ ఒకే కాగితం మీద పక్కపక్కన వేసి, ఇదే ప్రతిభ అనడం న్యాయమేనా?

చివరికి గేటు ఎలా తెరుచుకుంది? పెద్దల మనసు మారి కాదు. స్పిల్లర్ ఒక క్లబ్బులో సంచి మోస్తూ, తాను ఎవరి సంచి మోస్తున్నాడో ఆ సభ్యుడికే తన గోడు చెప్పుకున్నాడు. ఆయన సలహా మీద ఆ విషయం కాలిఫోర్నియా అటార్నీ జనరల్ స్టాన్లీ మాస్క్ దగ్గరకు వెళ్లింది. ఈ నిబంధన ఉన్నంతకాలం మా రాష్ట్రంలో మీ పోటీలు జరగనివ్వనని మాస్క్ గట్టిగా చెప్పాడు. 1962 పీజీఏ ఛాంపియన్‌షిప్ లాస్ ఏంజెల్స్‌లో జరగాల్సింది. నిబంధన తీసేయకుండా, సంఘం పోటీనే పెన్సిల్వేనియాలోని అరోనిమింక్‌కు తరలించింది. కానీ ఎన్ని రాష్ట్రాలకని తరలిస్తారు? 1961 నవంబరులో ఆ వాక్యాన్ని కొట్టేశారు. అప్పటికి సిఫర్డ్ వయసు 39. స్పిల్లర్‌కు 48. తాను తీయించిన గేటు గుండా వెళ్లి గెలిచే వయసు స్పిల్లర్‌కు దాటిపోయింది.

సిఫర్డ్ మాత్రం వదల్లేదు. 1967లో హార్ట్‌ఫర్డ్‌లో, 1969లో లాస్ ఏంజెల్స్‌లో గెలిచాడు. తన జీవితకథకు ‘జస్ట్ లెట్ మి ప్లే’ అని పేరు పెట్టుకున్నాడు. ‘నన్ను ఆడనివ్వండి, చాలు’ అని అర్థం. దయ చూపమని కాదు, ఆడనివ్వమని! మనం అడిగేది కూడా ఇంతే కదా.

వాక్యం కొట్టేస్తే వివక్ష పోయిందనుకోకండి. మహద్ చెరువు సంగతి మనకు తెలుసు. చెరువు అందరిదీ అని 1924లోనే మునిసిపాలిటీ తీర్మానం చేసింది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచివెళ్లి దోసెడు నీళ్లు తాగాల్సి వచ్చింది. కాగితం మీద తెరిచిన గేటు వేరు, మనుషులు నడిచే గేటు వేరు. 1990 పీజీఏ ఛాంపియన్‌షిప్‌ను అలబామాలోని షోల్ క్రీక్ క్లబ్బుకు ఇచ్చారు. మా క్లబ్బులో నల్లవాళ్లను చేర్చుకోం అనే అర్థం వచ్చేలా క్లబ్బు స్థాపకుడు పత్రిక వాళ్లతో మాట్లాడాడు. నిబంధన పోయి 29 ఏళ్లయినా ఇదీ పరిస్థితి! పెద్ద కంపెనీలు టీవీ ప్రకటనలు వెనక్కి తీసుకుంటే గానీ ఆ క్లబ్బు దిగిరాలేదు. అప్పుడు హడావుడిగా ఒక నల్లజాతి వ్యాపారికి సభ్యత్వం ఇచ్చారు. ఆ తర్వాతే, వివక్ష చూపే క్లబ్బులకు పోటీలు ఇవ్వమని గోల్ఫ్ సంఘాలు తేల్చిచెప్పాయి.

ఇంకొక గేటు చప్పుడు లేకుండా మూసుకుంది. పేద పిల్లలకు గోల్ఫ్ మైదానంలోకి ఉన్న ఒకే దారి క్యాడీ పని. సంచులు మోయడానికి బదులు బ్యాటరీ బండ్లు వచ్చాక ఆ దారి పోయింది. ఎవరూ నిషేధించలేదు, ఎవరూ తిట్టలేదు. కానీ 1970లలో పెద్ద పోటీల్లో కనిపించినంతమంది నల్లజాతి ఆటగాళ్లు కూడా తర్వాత కనిపించలేదు. అందుకే నిషేధం లేకపోవడమే అవకాశం అనుకోకూడదు.

ఇక్కడ కాల్విన్ పీట్‌ను తలచుకోవాలి. 19 మంది పిల్లల కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు చెట్టు మీంచి పడి ఎడమ మోచెయ్యి సరిగా చాపలేని స్థితి. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. పొలాల్లో కూలీల దగ్గర సరుకులు అమ్ముకునేవాడు. 23 ఏళ్లకు మొదటిసారి గోల్ఫ్ కర్ర పట్టుకుని, పీజీఏ టూర్‌లో 12 పోటీలు గెలిచాడు. 1982 పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో మూడో స్థానంలో నిలిచాడు. అయినా అమెరికా తరఫున రైడర్ కప్ ఆడాలంటే హైస్కూలు సర్టిఫికెట్ కావాలన్నారు. దాదాపు 40 ఏళ్ల వయసులో, టీచరైన భార్య దగ్గర కూర్చుని చదివి పరీక్ష పాసయ్యాడు. 1983లో దేశం తరఫున ఆడాడు. సప్లిమెంటరీ రాసే తమ్ముళ్లు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనం కాలేజీలో చేరిన మొదటి రోజు నుంచి వినే మాట ఒకటుంది: ‘వీళ్లది రిజర్వేషన్ సీటు’. రిజర్వేషన్ వల్ల ప్రతిభ దెబ్బతింటుందని కూడా అంటారు. ఇదే పీజీఏ ఛాంపియన్‌షిప్‌ను చూపించి నేను వాళ్లను ఒక ప్రశ్న అడుగుతాను. ఈ పోటీలో 156 మంది ఆడతారు. అందులో 20 స్థానాలు క్లబ్బుల్లో ఆట నేర్పే గురువులకు కేటాయించారు. ప్రపంచ ర్యాంకులు చూస్తే వాళ్లలో ఎవరికీ చోటు దొరకదు. వాళ్లలో వాళ్లు పోటీపడి ఆ 20 స్థానాలు సంపాదించుకుంటారు. ఇది రిజర్వేషన్ కాక మరేమిటి? దీనివల్ల పోటీ ప్రమాణం పడిపోయిందని ఎవరూ గోల చేయలేదే! పగలంతా ఇతరులకు ఆట నేర్పేవాడికి, పగలంతా తన ఆటే చూసుకునేవాడితో సమానంగా సాధన చేసే సమయం ఉండదని వాళ్లకు తెలుసు. ఆ న్యాయం గోల్ఫ్‌లో అర్థమైనప్పుడు, ఉదయం కూలికి వెళ్లి సాయంత్రం చదివినవాడి విషయంలో ఎందుకు అర్థం కాదు?

2023లో ఓక్ హిల్‌లో మైఖేల్ బ్లాక్ అనే 46 ఏళ్ల క్లబ్బు గురువు అలా వచ్చినవాడే. ఆ 20 మందిలో రెండో రోజు దాటి నిలిచింది అతనొక్కడే. చివరి రోజు రోరీ మెకిల్‌రాయ్‌తో కలిసి ఆడుతూ 15వ గుంతలో ఒక్క దెబ్బకే బంతి వేశాడు. 15వ స్థానంలో నిలిచి మరుసటి ఏడాదికి నేరుగా అర్హత పొందాడు. మిగతా 19 మంది ఇంటికి వెళ్లారు కదా అంటారేమో. వెళ్లారు. అయితే ఏమైంది? గేటు తెరవడమంటే అందరికీ కప్పు ఇవ్వడం కాదు. గేటు మూసి ఉంటే బ్లాక్ ఎవరో బ్లాక్‌కు కూడా తెలిసేది కాదు.

గేట్లు తెరుచుకున్నాక ఎవరెవరు వచ్చారో కూడా చూడండి. ఫిజీలో పుట్టిన భారత సంతతి ఆటగాడు విజయ్ సింగ్ ఈ కప్పును 1998లో, 2004లో గెలిచాడు. టైగర్ వుడ్స్ నాలుగుసార్లు గెలిచాడు. సిఫర్డ్ లేకపోతే తాను లేనని ఆయనే చెప్పుకున్నాడు. తన కొడుక్కి చార్లీ అని పేరు పెట్టుకున్నాడు. 2009లో కొరియాలోని జెజు దీవికి చెందిన రైతు కొడుకు వై.ఇ. యాంగ్ అదే వుడ్స్‌ను చివరి రోజున దాటేసి కప్పు ఎత్తాడు. యాంగ్ 19 ఏళ్లకు గానీ గోల్ఫ్ మొదలుపెట్టలేదు. 2015లో మన అనిర్బన్ లాహిరి ఐదో స్థానంలో నిలిచాడు. హైదరాబాదు నుంచి వెళ్లిన దంపతుల కొడుకు తీగల సాహిత్ కూడా ఇప్పుడు ఈ పోటీలో ఆడినవాళ్లలో ఒకడు. ఆటకు నష్టం జరిగిందా? ఆట పెరిగింది.

2009లో పీజీఏ తన తప్పు ఒప్పుకుంటూ స్పిల్లర్‌కు, రోడ్స్‌కు సభ్యత్వం ఇచ్చింది. అప్పటికి ఇద్దరూ చనిపోయారు. 2025లో ఈ ఛాంపియన్‌షిప్ షార్లట్‌లో జరిగింది. సిఫర్డ్ సంచులు మోసిన ఊరు అది. ఇప్పుడు ఆ ఊళ్లో ఆయన పేరు మీద ఒక మునిసిపల్ గోల్ఫ్ మైదానం ఉంది. ఎవరైనా వెళ్లి ఆడవచ్చు. మంచిదే. కానీ న్యాయం మనిషి బ్రతికుండగా అందితే ఇంకా మంచిది.

ముగించే ముందు మన గురించి ఒక మాట. సివనోయ్‌లో మొదటి పోటీ ఆడిన ఆ సంచులు మోసినవాళ్లను మరిచిపోవద్దు. గుమ్మం దాటేదాకా వాళ్లూ మనలాంటివాళ్లే. దాటాక తలుపేశారు. మనలో రేపు ఎవరో ఒకరు ఉద్యోగస్థులవుతారు, ఆఫీసర్లవుతారు. అంతదాకా ఎందుకు, ఈ హాస్టల్లో సీనియర్లయ్యాం. కొత్తగా ట్రంకు పెట్టె మోసుకుని వచ్చిన ఆరో తరగతి పిల్లవాడిని కుళాయి దగ్గర వెనక్కి నెట్టినప్పుడు, వాడి యాసకు నవ్వినప్పుడు, మనం కూడా గేటు దగ్గర నిలబడిన మనిషినే అవుతున్నాం. మనకు గేటు తీసినవాళ్లలో ఎందరో ఆ గేటు దాటకుండానే వెళ్లిపోయారు. వాళ్ల బాకీ తీర్చే మార్గం ఒక్కటే. లోపలికి వచ్చినవాడు తలుపు వేయకుండా పట్టుకుని నిలబడాలి, వెనక వచ్చేవాడు దాటేదాకా.